చాపకు చెప్పిన కుశలం

ఫెదెరేసి లెక్కలో భాష అంటే మూడే మూడు పనులు. ఎదురైనవాళ్ళని పలకరించడం, పని చేసేవాళ్ళని మెచ్చుకోవడం, లేచేటప్పుడు సెలవు తీసుకోవడం. మిగతావన్నీ ఉత్త మాటలు. "మాటలదేముంది, ఆకలేస్తే ఎవడైనా నేర్చుకుంటాడు" అనేది. కబాలుంగి ఊరి బడిలో ఇరవై ఎనిమిదేళ్ళు ఒకటో తరగతి చెప్పి, అన్నేళ్ళలోనూ వాచకంలో నాలుగో పేజీ దాటని మనిషి ఆమె. ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చి, "ఏమ్మా, పిల్లలకి అక్షరాలెప్పుడు చెప్తారు?" అన్నాడట. "మీరు గుమ్మంలోకొచ్చి పావుగంటైంది. మా ఇంట్లోవాళ్ళు బావున్నారా అని ఇంతవరకూ అడగలేదు. ముందు మీకెవరు చెప్పారో చెప్పండి అక్షరాలు" అందట ఫెదెరేసి. ఆయన మళ్ళీ ఆ బడి ఛాయలకు రాలేదు. ఏ మొహం పెట్టుకుని వస్తాడు?

పని విరమించాక ఆమెకు రెండు వ్యాపకాలు మిగిలాయి. ఒకటి ఈతాకు చాపలు అల్లడం. రెండోది, బయటినుంచి వచ్చినవాళ్ళకి వసారాలో కూర్చోబెట్టి తమ భాష లుగాండా నేర్పడం. రోడ్డు వేయడానికొచ్చిన ఇంజనీరు, చర్చికి కొత్తగా వచ్చిన ఫాదరు, కాఫీ గింజలు కొనే దళారి, అందరూ ఆమె శిష్యులే. ఆ శిష్యుల్లో ఒక్కడికీ మంచినీళ్ళు అడగడం రాదు. అయినా దాహంతో పోయినవాడు లేడు. వాళ్ళు చేసే పలకరింపుకి ఇంటివాళ్ళు మురిసిపోయి, పీట వేసి, ఉడికించిన అరటికాయ ముద్ద మీద వేరుశనగ పులుసు పోసి మరీ పెట్టేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా?

అలాంటి ఊరికి ఉత్తరాన అచోలి దేశం నుంచి కొమాకెచ్ అనే కుర్రాడు వచ్చాడు, ఆసుపత్రిలో కాంపౌండరుగా. మనిషి తాటిచెట్టంత పొడుగు, చేతిలో పని బంగారం. డాక్టరు నెలకోసారి వస్తాడు కాబట్టి ఊరికి డాక్టరూ ఇతనే. వచ్చిన మొదటి రోజు మొదటి రోగిగా కయోండో వచ్చాడు. కయోండో అంటే ఫెదెరేసికి చనిపోయిన భర్త అన్న, వంశానికి పెద్ద. ఎడమ దవడ బొప్పిలా వాచి ఉంది. కొమాకెచ్ ఆ దవడ చూశాడు, జాలి వేసింది, బస్సులో బట్టీపట్టిన ఒకే ఒక్క ముక్క వదిలాడు.

"నోరు తెరువు."

అంతే. ఎలా ఉన్నారని లేదు, ఎలా తెల్లారిందని లేదు, ఇంట్లో వాళ్ళ ఊసు లేదు. కయోండో కాస్త తెరిచి ఉన్న నోటిని కూడా మూసేశాడు. టోపీ పెట్టుకున్నాడు. "పన్ను పోతే పోయింది, పరువు పోగొట్టుకుంటానా?" అని వచ్చిన దారినే ఇంటికెళ్ళి, దవడ చుట్టూ తలమీదికి ఓ గుడ్డ కట్టుకున్నాడు. మర్నాటినుంచి ఆసుపత్రికి ఒక్క పురుగు రాలేదు. మలేరియా ఉన్నవాళ్ళు ఇంట్లోనే వణికారు, గొడ్డలి దెబ్బ తగిలినవాడు పసరు పూసుకున్నాడు. కొమాకెచ్ సూదులన్నీ ఉడకబెట్టుకుని, ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

ఆసుపత్రిలో చీటీలు రాసే పిల్ల నస్సూనా, ఫెదెరేసి ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లే చూడలేక చెప్పింది. "మా అమ్మ దగ్గరికెళ్ళండి సార్. కాకపోతే, వెళ్ళీవెళ్ళగానే పని చెప్పకండి. పుణ్యముంటుంది."

వెళ్ళీవెళ్ళగానే పని చెప్పాడు. "అమ్మా, ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళనుంచి, విరేచనాలవుతున్నాయా, ఈ మూడూ మీ భాషలో నేర్పండి చాలు" అన్నాడు ఇంగ్లీషులో.

ఫెదెరేసి తలెత్తలేదు. "నేనేం చేస్తున్నాను?"

"చాప అల్లుతున్నారు."

"అల్లుతున్న మనిషిని చూసి ఏమనాలి?"

"చాప బావుందనాలా?"

"చాప సంగతి చాపకి తెలుసులే. ఎండలో నడుం వంచి అల్లుతోంది నేను. 'గ్యేబలేకో' అను. నీ కష్టం చూశాను, మెచ్చుకున్నాను అని. మా దేశంలో పని చేస్తున్నవాళ్ళ పక్కనుంచి ఈ మాట అనకుండా పోయేది కుక్కలూ, నువ్వూ."

ఆ పూట కొమాకెచ్ ఆమెకు చెప్పాడు, పెరట్లో కలుపు తీస్తున్న పొరుగావిడకి చెప్పాడు, నీళ్ళ డబ్బా మోసుకెళ్తున్న ముసలాయనకి చెప్పాడు. అలవాటు కావాలని ఫెదెరేసి పట్టుబడితే, చెత్త కెలుకుతున్న కోడికీ చెప్పాడు. రెండో వారం 'మ్మ్' మొదలుపెట్టింది. ఒకరు బావున్నానంటే అవతలివాళ్ళు 'మ్మ్' అనాలి. ఆ మ్మ్‌కి వీళ్ళు ఇంకో 'మ్మ్' అనాలి. అది గొంతులోంచి రాకూడదు, పొట్టలోంచి రావాలి. పధ్నాలుగు రోజులు మ్మ్ మీదే గడిచాయి.

"ఈ పలకరింపు ఎంతసేపు చెయ్యాలమ్మా?" అని నీరసంగా అడిగాడు.

"ఇద్దరి దగ్గరా అడగడానికి ఇంకేమీ మిగలనంతసేపు."

తమాషా ఏమిటంటే ఆసుపత్రి నిండిపోయింది. లోపలికొచ్చిన ప్రతివాణ్ణీ కొమాకెచ్ లేచి నిలబడి, పిల్లల పేరున, మేకల పేరున, చిక్కుడు పాదుల పేరున కుశలం అడిగేవాడు. వరుస వీధి చివరిదాకా ఉండేది. ఎవరూ విసుక్కోలేదు. పలకరింపు పూర్తయ్యేసరికి సగం జ్వరాలు వాటంతట అవే దిగిపోయేవి. గొంతులో చేపముల్లు ఇరుక్కున్నవాడు ఒకడొచ్చాడు. పాపం మాట రాదు, మ్మ్ ఒక్కటే వస్తుంది. ఆ మ్మ్‌తోనే మొత్తం పలకరింపు లాక్కొచ్చాడు. పదిహేనో మ్మ్ దగ్గర ముల్లు ఊడి బయటపడింది. ఇలాంటివి నమ్మనివాళ్ళు నమ్మకపోనీండి, ముల్లు ఇప్పటికీ అగ్గిపెట్టెలో ఉంది.

ఇక దొంగ సంగతి. ఓ ఆదివారం ఊరంతా చర్చిలో ఉండగా ఎవడో ఆసుపత్రి దొడ్లో అరటిగెల కొడుతున్నాడు. కొమాకెచ్ వెనకనుంచి వెళ్ళాడు. ఎదుట ఉన్నది పని చేస్తున్న మనిషి. నోరు ఊరుకోదు కదా, అలవాటుగా, "గ్యేబలేకో, అన్నా" అన్నాడు.

దొంగ కత్తి సగంలో ఆగిపోయింది. దొంగైనా సరే ఆ గడ్డ మీద పుట్టినవాడు, పలకరింపుకి బదులు చెప్పకుండా పారిపోతే వాడి తల్లిని జనం ఏమంటారు? కత్తి కింద పెట్టి, చెమట తుడుచుకుని, మర్యాదగా బదులిచ్చాడు. ఇంట్లోవాళ్ళు బావున్నారన్నాడు. వానలు సరిగ్గా లేవన్నాడు. తిరిగి కొమాకెచ్ వాళ్ళ అమ్మానాన్నల గురించి అడిగాడు. చర్చి వదిలి జనం వచ్చేసరికి ఇద్దరూ ఇంకా మేకల కుశలం దగ్గరే ఉన్నారు. పట్టుకుని రెక్కలు విరిచి కడుతుంటే, "ఆగండయ్యా, ఇంకొక్క ప్రశ్న మిగిలింది" అని బతిమాలుకున్నాడట. ఫెదెరేసి విని, "దొంగైతే అయ్యాడు గానీ, పెంపకం ఉన్నవాడు" అంది.

ఊళ్ళో అందరూ లొంగారు, కయోండో ఒక్కడు తప్ప. కొమాకెచ్ ఎదురొస్తుంటే రోడ్డు దాటి అవతలి పక్కకి పోయేవాడు. అటు వెళ్ళి పలకరించబోతే ఇటు వచ్చేవాడు. దవడకు ఆ గుడ్డ మాత్రం తియ్యలేదు. ఆరు నెలలైనా, ఏడు నెలలైనా పన్ను అక్కడే, పంతం అక్కడే.

ఏడో నెలలో ఒక సాయంత్రం పాఠం నడుస్తుండగా నమ్యాలో వచ్చింది. నమ్యాలో కయోండోకి చెల్లెలు, ఫెదెరేసికి ఆడపడుచు, నస్సూనాకి మేనత్త. పిల్ల పెళ్ళి మాటలు ముందు మేనత్త చెవిన పడడం వాళ్ళ ఆచారం.

"వదినా, ఈ అబ్బాయి నాకు ఉత్తరం రాశాడు. మన నస్సూనాని అడుగుతున్నాడు. పిల్లకీ ఇష్టమే" అంది, గుక్క తిప్పుకోకుండా.

ఆ క్షణంలో కొమాకెచ్, "మీ ఇంట్లోవాళ్ళందరూ కులాసాయేనా?" అని అడిగి ఉన్నాడు. ఫెదెరేసి 'మ్మ్' అనాలి. అనలేదు. ఒళ్ళోని సగం అల్లిన చాప ఎత్తి నెత్తిమీద కప్పుకుని, మోకాళ్ళ మీద పాక్కుంటూ ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. అక్కడ అత్తా అల్లుళ్ళు ఒకరి మొహం ఒకరు చూడకూడదు. చూస్తే అత్త చేతులకి వణుకు పట్టుకుంటుంది. వాగు అవతల ఓ ముసలమ్మ ఉంది, ఆమె చేతిలో కప్పు ఏనాడూ తొణక్కుండా నోటిదాకా వెళ్ళలేదు. సైకిలు మీద వస్తున్న అల్లుణ్ణి తమ్ముడనుకుని ఒక్కసారి చూసిందట, అంతే. ఆ రోగం ఉన్న ఇంటి పిల్లని చేసుకోవడానికి ఏ వంశమూ ముందుకు రాదు.

కొమాకెచ్ మాత్రం వసారాలో కదలకుండా కూర్చున్నాడు. పలకరింపు సగంలో లేవకూడదని నేర్పింది ఆవిడే. నమ్యాలో చెప్పి చూసింది, పొమ్మంది, చెయ్యి పట్టి లాగింది. ఊహూఁ. గంట గడిచాక లోపలనుంచి, కిటికీ కిందనుంచి, సన్నగా వచ్చింది.

"మ్మ్."

"మ్మ్" అని లేచి వెళ్ళిపోయాడు.

లోపల ఫెదెరేసి మంచం మీద కూర్చుని నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. ఉన్న శిష్యులందరిలోకీ మేలైనవాడు అల్లుడవుతున్నాడు. ఏడు నెలలుగా రోజూ ఎదురుగా చూసి అలవాటైన మొహం, ఇక జన్మలో చూడకూడదు. సంతోషం ఎక్కువో బాధ ఎక్కువో తేల్చుకోలేక ఆ పూట అన్నం మానేసింది.

కయోండో కబురు విని ఎగిరిపడ్డాడు. కాదనడానికి మాత్రం కారణం దొరకలేదు. కుర్రాడు మంచివాడు, పిల్ల ఒప్పుకుంది, మేనత్త ఒప్పుకుంది. అందుకని ఒక మెలిక పెట్టాడు.

"పిల్లని అడగడానికి వచ్చేటప్పుడు అందరూ మాటకారిని తెచ్చుకుంటారు. వీడికి ఆ సుఖం లేదు. రెండు వంశాల ముందు నిలబడి, తన నోటితో తానే నన్ను మొదటినుంచి చివరిదాకా పలకరించాలి. ఒక్క మెట్టు తప్పితే తెచ్చిన మేకల్ని తోలుకుని వెనక్కి పోవాలి. తొమ్మిది వారాలు గడువిస్తున్నాను. ఇంకో మాట. ఫెదెరేసి ఇక అత్త. ఆ గడప దగ్గరికి వెళ్ళి పాఠం గీఠం అన్నాడని తెలిసిందో, అసలుకే ఎసరు."

వంశపెద్దని పలకరించడమంటే సంతలో పలకరింపు కాదు. దానికి మెట్లున్నాయి, తాతముత్తాతలున్నారు, ఎక్కడ ఆగాలో ఎక్కడ దగ్గాలో కూడా ఉంది. అదంతా తెలిసినది ఊరు మొత్తానికి ఫెదెరేసి ఒక్కతే. కొమాకెచ్ కల్లు దుకాణంవాడి దగ్గర రెండు రోజులు నేర్చుకున్నాడు, వాడు సగం దాకా చెప్పి నిద్రపోయేవాడు. నస్సూనా ఏడుపు మొదలుపెట్టింది. కూతురి ఏడుపు ఒక పక్క, బావగారి మాట ఒక పక్క. ఫెదెరేసికి చాప అల్లిక తప్పడం మొదలైంది.

దారి చూపింది నమ్యాలోనే. "మొహం చూడకూడదన్నారు వదినా. చాపని చూడకూడదని ఎవరన్నారు?"

"మీ అన్నయ్యకి తెలిస్తే?"

"మా అన్నయ్యకి పన్నునొప్పి గురించి తప్ప ఏం తెలుసు?"

మర్నాటినుంచి ఫెదెరేసి గుమ్మానికి ఓ కొత్త చాప వేలాడింది. సాయంత్రం నాలుగింటికి కొమాకెచ్ వచ్చి చాపకు ఎదురుగా కూర్చునేవాడు. చాప వెనక ఫెదెరేసి. పక్కన వేరుశనక్కాయలు ఒలుస్తూ నమ్యాలో కాపలా. ఎవరైనా దారిన పోతుంటే ఆమె దగ్గేది. అప్పుడు ఫెదెరేసి నోరు మూసుకునేది, కొమాకెచ్ చాప కొనడానికొచ్చినవాడిలా మొహం పెట్టాలి. అతనికి ఆ మొహం పెట్టడం చేతకాలేదు. దగ్గు వినపడినా పలకరింపు ఆపలేకపోయేవాడు. దాంతో ఊళ్ళోవాళ్ళు రోజూ చూసేది ఒకటే, ఆరడుగుల కాంపౌండరు చేతులు కట్టుకుని ఈతచాపని, "పొలం ఎలా ఉంది? మేకలు ఈనాయా?" అని అడగడం.

"అచోలివాళ్ళు చాపలకి కూడా కుశలం చెప్తారంట" అన్నారు కొందరు.

"చెప్పనీ, మంచి అలవాటేగా" అన్నారు మిగతావాళ్ళు. ఇద్దరు ముగ్గురు తమ ఇంటి చాపలతో కూడా మాట్లాడి చూశారు.

చాప వెనకనుంచి పాఠం కఠినంగా నడిచేది. "ఆ దగ్గు ముందొచ్చింది. మళ్ళీ చెప్పు." "తొందరేంటి, బస్సుందా నీకు?" "నమ్యాలో, చేతులెక్కడ పెట్టాడో చూడు. ఒళ్ళో పెట్టుకోమను." చివరి వారంలో అసలు రహస్యం చెప్పింది.

"అన్నీ అడిగాక, ఆఖర్న పన్ను గురించి అడుగు."

"పన్ను గురించా? కొడతారమ్మా!"

"కొట్టరు. ఏడాది కావస్తోంది. ఊళ్ళో ఒక్కరూ భయంకొద్దీ ఆ పన్ను మాటెత్తలేదు. ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నారు మా బావగారు."

రోజూ పాఠం చివర కొమాకెచ్ చాపకి తల వంచి, "నేర్పినందుకు వేబలే, అమ్మా" అనేవాడు. వేబలే అంటే మెచ్చుకుని చెప్పే దండం. "నేర్చుకున్నందుకు నీకూ వేబలే, నాయనా" అని చాప బదులిచ్చేది. ఆ మాటతోనే ఫెదెరేసికి ఆ రోజు గడిచేది.

అనుకున్న రోజు రానే వచ్చింది. వాకిట్లో రెండు పందిళ్ళు ఎదురెదురుగా వేశారు. ఒక దాంట్లో తెల్లటి పొడుగు కాంజు అంగీలు తొడుక్కున్న అచోలివాళ్ళు, వాళ్ళ వెనక పదకొండు మేకలు. ఇంకో దాంట్లో పిల్ల తరపువాళ్ళు, ముందు కుర్చీలో దవడకు గుడ్డతో కయోండో. ఫెదెరేసి వాకిట్లోకి రాకూడదు. వెనక గదిలో కిటికీ రెక్క మూసుకుని, చెవి చెక్కకి ఆనించి కూర్చుంది. పక్కన ముస్తాబైన నస్సూనా తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కొమాకెచ్ లేచాడు. కయోండో ఎదురుగా వచ్చాడు. నోరు తెరిచాడు.

ఏమీ రాలేదు.

ఎలా వస్తుంది? తొమ్మిది వారాలు చాపతో మాట్లాడిన నోరది. ఇప్పుడు ఎదురుగా కళ్ళున్నాయి, కనుబొమలున్నాయి, ముడివేసిన గుడ్డ ఉంది. చాపకి ఇవేమీ లేవు. చెమటలు కారిపోయాయి. నాలుక పైకి లేవలేదు.

"ఏమయ్యా, మా ఇంటి గోడలు కూడా నీకంటే ఎక్కువ మాట్లాడతాయి" అన్నాడు కయోండో. పందిట్లో కిసకిసలు. "పోనీ నేను నేర్పనా? నోరు తెరువు! ఆ ముక్క నీకు బాగా వచ్చుగా!"

అందరూ ఘొల్లుమన్నారు. కొమాకెచ్ మెడ వంగిపోయింది.

"ఇంకెందుకు, మేకల్ని విప్పండి" అన్నాడు కయోండో.

కిటికీ వెనక నస్సూనా గోళ్ళు తల్లి చేతిలో దిగబడ్డాయి. "అమ్మా, ఏదో ఒకటి చెయ్యవే!" తాళ్ళు విప్పుతున్న చప్పుడు, మేకల అరుపులు. ఫెదెరేసి ఒక్క ఉదుటున లేచి, గుమ్మానికున్న చాప పీకి, చుట్టచుట్టి, పెరటి తలుపు సందులోంచి నమ్యాలో చేతికి తోసింది. "తీసుకెళ్ళి ఇద్దరి మధ్యా నిలబెట్టు. పరుగెత్తు!"

నమ్యాలో పరుగెత్తింది. కయోండో ముక్కుకి మూరెడు దూరంలో చాప విప్పి నిలబెట్టి పట్టుకుంది.

"ఏంటిది?"

"చాప, అన్నయ్యా."

"చాపని కనపడుతూనే ఉంది! నా మొహాన ఎందుకు?"

"అబ్బాయికి మర్యాద ఎక్కువ. అత్త మొహమే చూడకూడనప్పుడు, అత్తకంటే పెద్దవాడివి, నీ మొహం అంత తేలిగ్గా ఎలా చూస్తాడు?"

"నేనేమన్నా అత్తనా?" అని అరిచాడు కయోండో. కానీ 'పెద్దవాడివి' అన్న ముక్క చెవిలో బాగానే పడింది. పక్కనున్న ముసలివాళ్ళు తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకుని తేల్చారు. వంశపెద్దని చాప చాటునుంచి పలకరించకూడదని వాళ్ళ తాతలెవరూ చెప్పలేదు. చెప్పాల్సొస్తుందని అనుకుని ఉండరు.

చాప చూడగానే కొమాకెచ్ భుజాలు దిగాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఇక మొదలుపెట్టాడు చూడండి. తెల్లారడం గురించి అడిగాడు, పొద్దెక్కడం గురించి అడిగాడు. వంశం పేరు చెప్పి నమస్కరించాడు. తాతల సమాధుల మీద గడ్డి పెరిగిందా అని అడిగాడు. దగ్గాల్సిన చోట దగ్గాడు, ఆగాల్సిన చోట ఆగాడు. కయోండో మొదట్లో ముక్తసరిగా, తర్వాత కాస్త వివరంగా, ఆ తర్వాత కుర్చీ చాపదాకా జరుపుకుని మరీ బదులిచ్చాడు. చిక్కుళ్ళకి పట్టిన పురుగు గురించి ఇద్దరూ చాలాసేపు బాధపడ్డారు. మేకల్ని విప్పినవాళ్ళు తాళ్ళు చేతిలో పట్టుకుని అలాగే నిలబడి వింటున్నారు. నమ్యాలో చేతులు లాగేస్తుంటే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళొచ్చి చాప పట్టుకున్నారు.

"మరి, ఆ పన్ను ఎలా ఉంది?" అన్నాడు కొమాకెచ్.

రెండు పందిళ్ళూ ఊపిరి బిగబట్టాయి. చాప అవతల కుర్చీ కిర్రుమంది.

"ఎడమవైపు, కింది వరసలో నాయనా" అంది కయోండో గొంతు, ఎవరూ ఎప్పుడూ విననంత మెత్తగా. "నిద్రలేదు. జొన్నగింజ నమిలి ఏడాదైంది. ఇన్నాళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు అడగలేదు."

"మొదటి రోజే అడగాల్సింది నేను. అడగకుండా నోరు తెరవమన్నాను. తప్పు నాదే."

"మ్మ్" అన్నాడు కయోండో.

"మ్మ్" అన్నాడు కొమాకెచ్.

"మ్మ్" అన్నాయి రెండు వంశాలూ. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ కిలకిలారావాలు చేశారు. గదిలో నస్సూనా తల్లి మెడకు వేలాడింది. గెలిచినట్టే. అక్కడితో లేచి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

లేచేముందు కొమాకెచ్ అలవాటుగా చాపకి తల వంచి, గట్టిగా, అందరికీ వినపడేలా అనేశాడు. "నేర్పినందుకు వేబలే, అమ్మా."

కిలకిలారావాలు ఆగిపోయాయి.

"అమ్మా?" అన్నాడు కయోండో. "ఎవర్రా అమ్మ? నేనేం నేర్పాను నీకు?"

నమ్యాలో కిటికీవైపు తిరిగి, వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది. లోపల ఫెదెరేసికి అది కనపడలేదు, కనపడినా ఏం లాభం? నోరు మెదపకపోతే చాలు, కుర్రాడు కంగారులో ఏదో వాగాడని నవ్వేసి ఊరుకుంటారు, పెళ్ళి నిలబడుతుంది. నస్సూనా రెండు చేతులతో తల్లి నోరు మూసేసింది. కానీ వేబలే వచ్చి వాకిట్లో పడి ఉంది. బదులు లేకుండా పడి ఉంది. దొంగ కూడా కత్తి కింద పెట్టి బదులిచ్చాడే! ఇరవై ఎనిమిదేళ్ళు ఊళ్ళో ప్రతి పిల్లకీ పిల్లాడికీ చెవి మెలేసి మరీ నేర్పిన ఒకే ఒక్క పాఠం, ఈవేళ తనే ఎగ్గొట్టాలా? ఫెదెరేసి కూతురి చేతులు పక్కకి తీసేసింది.

"నేర్చుకున్నందుకు నీకూ వేబలే, నాయనా!"

వెనక బెంచీదాకా వినపడే బడిగొంతు అది. కబాలుంగిలో ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు.

కయోండో లేచాడు. కర్ర పోటేసుకుంటూ కిటికీ దగ్గరికొచ్చి ఆగాడు. "ఫెదెరేసీ. ఎన్నాళ్ళనుంచి సాగుతోందిది?"

"తొమ్మిది వారాలు, బావగారూ."

"వాడి మొహం చూశావా?"

"చాపని చూశాను."

"వద్దన్నానా లేదా?"

"వద్దన్నారు. వద్దన్నా నేర్పాను. పిల్ల ఏడుస్తోంది, ఇంకెవరికీ రాదు, ఏం చెయ్యమంటారు?"

"రోజూ గొంతు విన్నావు. వణుకు పట్టుకుందో లేదో నాకేం తెలుసు? ఆ రోగం ఉన్న ఇంటినుంచి పిల్లనిచ్చి ఆ వంశాన్ని మోసం చెయ్యను. చెయ్యి బయట పెట్టు."

ఫెదెరేసి కిటికీ రెక్క కాస్త తీసి, కుడిచెయ్యి మోచేతిదాకా బయటపెట్టింది. కొమాకెచ్ గబుక్కున కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు. ఎవరో అంచుదాకా కల్లు నింపిన కప్పు తెచ్చారు. కయోండో దాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు. రెండు వంశాలూ మెడలు సాచి చూశాయి.

లోపలున్న ఫెదెరేసికి తన చెయ్యి కనపడదు. బరువు తెలుస్తోంది, ఎండ తెలుస్తోంది, వణుకుతోందో లేదో మాత్రం తెలియడం లేదు. ఒక ఈగ మణికట్టు మీద వాలి, నడిచి, ఎగిరిపోయింది. కూతురి మొహం చూసింది, ఏమైనా తెలుస్తుందేమోనని. నస్సూనా కళ్ళు మూసుకుని ఉంది. బయట మేక కూడా అరవడం లేదు. ఒకటో తరగతి పిల్లలకి లెక్క నేర్పినట్టు మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంటూ పోయింది. ఇరవై ఎనిమిది దాకా వెళ్ళింది.

కిలకిలారావాలు ఒక్కసారిగా ఆకాశాన్నంటాయి.

కయోండో కప్పు అందుకుని, పందిళ్ళకి చూపించి, గటగటా తాగేశాడు. చల్లటి కల్లు పన్నుకి తగిలింది. "అబ్బా!" అని దవడ పట్టుకుని వంగిపోయాడు. వంగినవాడు అలాగే కొమాకెచ్ దగ్గరికి వెళ్ళి, దవడ గుడ్డ తానే విప్పేసి, కుర్చీలో కూలబడ్డాడు.

"డాక్టరూ, ఇదిగో. తెరిచాను. చూడు" అని, ఎవరూ చెప్పకుండానే నోరు బార్లా తెరిచాడు.

నస్సూనా బయటికి పరుగెత్తింది. గదిలో ఫెదెరేసి ఒక్కతే మిగిలింది. చెయ్యి లోపలికి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు వణికింది ఆ చెయ్యి. మోచేతినుంచి వేళ్ళ కొసలదాకా గడగడా వణికింది. రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, ఆగేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"గ్యేబలేకో" అంది ఆ చేతితో.

పలకరింపుని బదులు లేకుండా వదలకూడదు కదా.

"మ్మ్" అంది తనే.